ఆఫర్ లెటర్ వచ్చింది, నిజమైనదేనా? విశాఖలో ఉద్యోగం వెతుక్కునేవాళ్ల చర్చ

పెందుర్తి_బీఎస్సీ | సోమవారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. పరవాడ ఫార్మాసిటీలో ఉన్నామంటూ ఒక కంపెనీ పేరు మీద వచ్చిన లెటర్ ఇది. కంపెనీ పేరు తీసేసి మిగతాది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తెలిసినవాళ్లు చూసి చెప్పండి.

పోస్టు క్వాలిటీ డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్, ఫ్రెషర్‌కి. ఇంటర్వ్యూ వాట్సాప్ చాట్‌లోనే అయిపోయింది, వీడియో లేదు. గ్రాస్ జీతం నెలకు 46,500, అందులో బేసిక్ 23,250. కోతలు: పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 349. చేతికి 44,351. లెటర్ అడుగున 'స్థాపితం 1998' అని ఉంది, కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంది. ఆ నంబరు యు72200 అని మొదలై, తర్వాత టీజీ, 2019, పీటీసీ, చివర ఆరంకెలు. ల్యాప్‌టాప్ కొరియర్‌కీ వెరిఫికేషన్‌కీ కలిపి 2,850 రూపాయలు యూపీఐ చేయాలట. మొదటి జీతంతో తిరిగి ఇస్తారట. గడువు రేపు మధ్యాహ్నం 12 గంటలు.

ఎండాడ_హెచ్ఆర్ | సోమవారం, రాత్రి 7:15

ముందుగా ఒక్క మాట: డబ్బు పంపకండి. ఎందుకో మీ లెటర్ అంకెలతోనే చెప్తాను.

ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తించేది నెల జీతం 21,000 వరకే. ఆ పైన జీతంతో కొత్తగా చేరేవాళ్లకు ఈఎస్ఐ ఉండదు. మీకు 46,500 ఇస్తామంటూ అందులో 0.75 శాతం లెక్కకట్టి 349 కోశారు. అసలైన పేరోల్ సాఫ్ట్‌వేర్ ఈ తప్పు చేయదు. ఎవరో ఎక్సెల్ షీట్‌లో అంకెలు మార్చుకుంటూ అందరికీ ఇదే లెటర్ పంపుతున్నారు. రెండోది వృత్తి పన్ను. మన రాష్ట్రంలో జీతం 20,000 దాటితే నెలకు 200 కోస్తారు, 15,000 దాటి 20,000 లోపైతే 150. మీ లెటర్‌లో ఆ వరసే లేదు. పీఎఫ్ 1,800 మాత్రం తప్పు కాదు. 15,000 మీద 12 శాతం లెక్కకట్టి అంతే కోసే కంపెనీలు చాలా ఉన్నాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అసలు లెటర్ ఒకటి దగ్గర పెట్టుకునే నకిలీది తయారుచేస్తారు. సగం సరిగ్గానే ఉంటుంది. ఒక్క అంకె సరిపోయిందని నమ్మేయకండి.

ఇంకొకటి, పని సంగతి. ఫార్మాలో క్వాలిటీ డాక్యుమెంటేషన్ అంటే బ్యాచ్ రికార్డులు, ఎస్ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన పత్రాలు), లాగ్ పుస్తకాలు. అవి ప్లాంటు దాటి బయటికి రావు. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో సంతకంతో సహా ఉండాలి. అలాంటి పనికి ఇంటికి ల్యాప్‌టాప్ కొరియర్ చేయాల్సిన అవసరమేంటి? ఫ్రెషర్ కెమిస్టుకి ఈ చుట్టుపక్కల వచ్చే జీతానికి 46,500 రెండింతల పైమాటే. ఏ ఆఫర్ వచ్చినా ఆ పని రోజూ ఎలా జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. లెటర్‌లో రాసింది దానికి పొసగకపోతే అక్కడే ఆగిపోవాలి.

సీతమ్మధార_ఆడిటర్ | సోమవారం, రాత్రి 7:52

ఆ రిజిస్ట్రేషన్ నంబరు సంగతి నేను చెప్తాను. దాన్ని సిన్ అంటారు, మొత్తం 21 అక్షరాలు. మొదటిది ఎల్ అయితే స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ, యు అయితే కాదు. తర్వాత ఐదంకెలు వ్యాపారం కోడ్, రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు కంపెనీ నమోదైన సంవత్సరం, మూడక్షరాలు రకం, చివర ఆరంకెలు క్రమసంఖ్య. మీ లెటర్‌లో 72200 ఉంది, అది సాఫ్ట్‌వేర్ పనికి వాడుతూ వచ్చిన కోడ్. మందుల తయారీ కంపెనీలకు 24తోనో 21తోనో మొదలవుతుంది. టీజీ అంటే తెలంగాణలో నమోదైంది. సంవత్సరం 2019. 'స్థాపితం 1998' అని పక్కనే రాసుకున్నారు. ఎవరో వేరే కంపెనీ నంబరు తెచ్చి అతికించారని ఇక్కడే అనుమానించాలి.

కోడ్ ఒక్కటే చూసి తేల్చకండి, కంపెనీలు వ్యాపారం మార్చుకుంటుంటాయి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో మాస్టర్ డేటా తెరిచి ఆ నంబరు కొట్టండి. పేరు, రిజిస్టర్డ్ చిరునామా, కంపెనీ నడుస్తోందా, కొట్టేశారా అన్నది కనిపిస్తుంది. లెటర్ మీద పేరుతో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే కంపెనీయే.

జీఎస్టీ నంబరు ఇస్తే ఇంకా సులువు. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం: ఆంధ్రాకి 37, తెలంగాణకి 36. ఆ తర్వాతి పది అక్షరాలు పాన్. పాన్‌లో నాలుగో అక్షరం సీ అయితే కంపెనీ, ఎఫ్ అయితే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, పీ అయితే ఒక వ్యక్తి. 'ప్రైవేట్ లిమిటెడ్' అని బోర్డు పెట్టుకుని నంబరులో పీ కనిపిస్తే అది ఎవరిదో సొంత దుకాణం. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతకొచ్చు.

మధురవాడ_ఐటీ | సోమవారం, రాత్రి 8:30

లెటర్ ఏ మెయిల్ నుంచి వచ్చిందో చూడాలి బ్రదర్. పేరు కాదు, అట్ గుర్తు తర్వాత ఉన్నది. దాన్ని కుడినుంచి ఎడమకు చదవాలి. చివర డాట్ కామ్, డాట్ ఇన్ లేదా డాట్ కో డాట్ ఇన్ ఉంటుంది కదా, దానికి సరిగ్గా ముందున్న ముక్కే అసలు యజమాని. కంపెనీ పేరుకి 'కెరీర్స్', 'హెచ్ఆర్', 'ఇండియా' అని హైఫన్ పెట్టి తగిలిస్తే అది వేరే డొమైన్ (వెబ్ చిరునామా), ఎవరైనా కొన్ని వందలకు కొనుక్కోవచ్చు. కంపెనీ పేరు ముందు ఉండి, డాట్ పెట్టి ఇంకో పేరు ఉంటే ఆ రెండో పేరువాడిదే మెయిల్. హూఈజ్ సైట్లలో ఆ డొమైన్ ఎప్పుడు కొన్నారో ఉంటుంది. పాతికేళ్ల కంపెనీకి మూడు వారాల కిందటి డొమైన్ ఉంటే ఇంకేం చూడక్కర్లేదు.

పంపినచోట అసలు కంపెనీ చిరునామాయే కనిపించినా తొందరపడొద్దు. జీమెయిల్‌ని కంప్యూటర్లో తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలుంటాయి. ఫెయిల్ అని ఉంటే ఆ మెయిల్ ఆ కంపెనీ నుంచి వచ్చిందని నమ్మడానికి లేదు. 'రిప్లై టు' దగ్గర వేరే చిరునామా ఉందేమో కూడా చూడండి. చాలాసార్లు పట్టుబడేది అక్కడే.

నిజం తెలుసుకోవడానికి వాళ్లిచ్చిన లింకు, వాళ్లిచ్చిన నంబరు వాడకూడదు. అవతల ఎత్తేది వాళ్ల మనిషే. కంపెనీ సైట్‌ని మీరే వెతికి పట్టుకుని, అక్కడున్న ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి ఆఫర్ లెటర్ రిఫరెన్స్ నంబరు చెప్పి అడగండి. పరవాడ అయితే మీకు దగ్గరే, గేటు దగ్గర సెక్యూరిటీని హెచ్ఆర్‌కి లైన్ కలపమంటే కలుపుతారు.

కూర్మన్నపాలెం_ఐటీఐ | సోమవారం, రాత్రి 9:05

ఇన్ని చూడాలా అన్నా? డబ్బడిగితే మోసం. ఆ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సరిపోదా?

మురళీనగర్_వకీలు | సోమవారం, రాత్రి 9:40

తమ్ముడూ, నూటికి తొంభై చోట్ల అది సరిపోతుంది. మిగతా పది చోట్ల రెండువైపులా దెబ్బ తగులుతుంది. కొన్ని చోట్ల ఫీజు నిజంగానే ఉంటుంది, అది మోసమని అసలు అవకాశం వదులుకుంటారు. కొన్ని చోట్ల డబ్బు అడగరు, అయినా మనిషి మునిగిపోతాడు.

రైల్వేనే తీసుకో. ఆర్‌ఆర్‌బీ పరీక్షకి దరఖాస్తు ఫీజు 500, మొదటి కంప్యూటర్ పరీక్ష రాస్తే 400 వెనక్కి వస్తుంది. ఎస్సీ, ఎస్టీ, మహిళలు, ఇంకొన్ని వర్గాలకు 250, పరీక్ష రాస్తే బ్యాంకు ఛార్జీలు పోను అంతా తిరిగొస్తుంది. ఆ డబ్బు దరఖాస్తు పోర్టల్ లోపలే కడతావు, ఏ మనిషి ఫోన్ నంబరుకీ పంపవు. అదే తేడా. ఎవరి ఖాతాకి, ఏ దశలో, ఏ రసీదుతో అన్నవి చూడాలి. ఎంపిక అయ్యాక 'జాయినింగ్ ఫీజు', 'ఫైలు కదిలించడానికి', 'మెడికల్ క్లియరెన్స్‌కి' అని ఎవరు అడిగినా అది ప్రభుత్వ ఫీజు కాదు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ని 2019లో ప్రకటించారు. 'కొత్త జోన్‌లో డైరెక్ట్ పోస్టింగులు' అని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్త జోన్ అయినా నోటిఫికేషన్, దానికో సీఈఎన్ (నోటిఫికేషన్) నంబరు, పరీక్ష లేకుండా పోస్టులు నింపరు.

నేవల్ డాక్‌యార్డ్, షిప్‌యార్డ్, పోర్టు, స్టీల్‌ప్లాంటు అప్రెంటిస్‌లకు కూడా ఇదే మాట. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు ఉచితం, స్టైపెండ్ వాళ్లు మనకిస్తారు. మనం ఎదురు కట్టేది ఉండదు. కేజీహెచ్, జీవీఎంసీ ఔట్‌సోర్సింగ్ పోస్టులని మధ్యవర్తి వస్తే, జిల్లా వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్, మెరిట్ జాబితా ఉన్నాయా అని అడుగు. జాబితా లేని పోస్టుకి లక్షలు పోసినవాళ్లు తర్వాత ఫిర్యాదు చేయడానికి కూడా భయపడుతుంటారు, మనమీదే కేసు అవుతుందని. ఆ భయమే మధ్యవర్తికి కొండంత అండ. ఉద్యోగం లేకుండానే ఉందని చెప్పి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం. వకీలుతో మాట్లాడి ఫిర్యాదు పెట్టండి, ఆలస్యం చేయకండి.

యారాడ_లైట్‌హౌస్ | సోమవారం, రాత్రి 10:20

మర్చంట్ నేవీ గురించి ఎవరూ రాయలేదు. ఈ ఊళ్లో అది రాయకుండా చర్చ ముగించకూడదు. రేవు కనిపించే ఊరు కాబట్టి 'షిప్పులో ఉద్యోగం' అంటే ఇళ్లలో వెంటనే నమ్ముతారు.

భారతీయ నావికుణ్ని ఓడ ఎక్కించే సంస్థకి డీజీ షిప్పింగ్ (ఓడ రవాణాని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ సంస్థ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఖర్చు ఓడ యజమానిది. అంతర్జాతీయ మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2006 చెప్పేదీ అదే. నువ్వు కట్టాల్సినవి సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) ఫీజు, మెడికల్, పాస్‌పోర్టు, కోర్సుల ఫీజు. ఇవి కూడా ఆయా చోట్ల నువ్వే నేరుగా కడతావు. '3 లక్షలివ్వు, జాయినింగ్ గ్యారంటీ' అన్నవాడికి లైసెన్సు ఉంటే నియమం తప్పినట్టు, లేకపోతే మోసగాడు. రెండిట్లో ఏదైనా డబ్బివ్వకూడదు.

లైసెన్సు నంబరు గోడమీద ఫ్రేము కట్టి పెడతారు. ఫ్రేము చూసి రావద్దు. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో జాబితా ఉంది, లైసెన్సు చెల్లుతోందా, ఆపేశారా అన్నది అందులో చూడు. అక్కడ ఉన్న చిరునామా, నువ్వు కూర్చున్న ఆఫీసు చిరునామా ఒకటేనా? ముంబయి సంస్థకి మేం విశాఖ ఏజెంట్లం అంటే ముంబయి ఆఫీసుకే ఫోన్ చేసి అడుగు. ఊళ్లోనే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉంది, అక్కడ కూడా కనుక్కోవచ్చు. కోర్సు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థకి డీజీ అనుమతి ఉందా లేదా అన్నదీ అదే సైట్‌లో కనిపిస్తుంది. అనుమతి లేనిచోట ఆరు నెలలు చదివినా సీడీసీ దగ్గర ఆ కాగితం పనికిరాదు.

తర్వాత ఓడ. ఏ ఓడ అని అడుగు, ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు సంఖ్య) తీసుకో. ఏడంకెలు. మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకె, ఏడో అంకె ఒకటే కావాలి. ఉదాహరణకి 9074729. తొమ్మిది ఏడులు 63, సున్నా, ఏడైదులు 35, నాలుగునాలుగులు 16, ఏడుమూళ్లు 21, రెండురెళ్లు 4. మొత్తం 139, చివర 9, నంబరు చివరా 9. సరిపోకపోతే ఆ నంబరు కల్పితం. సరిపోయినంత మాత్రాన ఓడలో నీకు ఉద్యోగం ఉందని కాదు, అప్పుడు ఈక్వాసిస్ సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి ఓడ పేరు, రకం, యజమాని చూడు. ట్యాంకర్ అని చెప్పింది అక్కడ చిన్న టగ్‌గా కనిపిస్తే అడగాల్సింది చాలా ఉంది.

'ముందు టూరిస్ట్ వీసా మీద దుబాయ్ వెళ్లు, అక్కడినుంచి ఇరాన్‌లో ఎక్కిస్తాం' అంటే మాత్రం ఇల్లు కదలొద్దు బాబూ. లైసెన్సు లేని ఏజెంటు ద్వారా వెళ్లినవాడి వివరాలు డీజీ షిప్పింగ్ లెక్కలో ఎక్కవు. జీతం ఆగినా, ఓడని యజమాని వదిలేసినా, నీ తరఫున ఇక్కడ జవాబుదారీ ఎవడూ ఉండడు. లైసెన్సు ఉన్న సంస్థ దానికోసమే బ్యాంకు గ్యారంటీ పెట్టి ఉంటుంది. 'మన సీడీసీ ఆలస్యమవుద్ది, వేరే దేశం సీడీసీ తీసిపెడతాం' అనేది కూడా ఇదే దారి.

పలాస_వెల్డర్ | మంగళవారం, ఉదయం 6:10

గల్ఫ్ సంగతి నేను రాస్తానండి. మన శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గాజువాక వచ్చి ట్రేడ్ టెస్టులు ఇస్తారు కదా. టెస్టు నిజంగానే పెడతారు, ప్లేటు వెల్డింగ్ చేయిస్తారు. అది చూసి నమ్మేస్తారు. టెస్టు పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదండి, షెడ్డు ఉంటే చాలు.

విదేశానికి మనుషుల్ని పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద నమోదై ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంట్ల జాబితా ఉంది, నమోదు కానివాళ్లంటూ ఫిర్యాదులొచ్చినవాళ్ల జాబితా కూడా ఉంది. రెండూ చూడండి. నమోదైన ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకుమించి అడగకూడదు, రసీదు ఇవ్వాలి. సబ్ ఏజెంటు అనే మాట చట్టంలో లేదు. మీ ఊరి మేస్త్రీ చేతికి లక్షా ఇరవై వేలు ఇస్తే ఆ డబ్బుకి కాగితం ఉండదు.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమనే గుర్తు) ఉంటుంది. గల్ఫ్ దేశాలు, మలేషియా లాంటివాటికి పనికెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన, రెండేళ్లకి 275 రూపాయలు, 10 లక్షల బీమా. 'విజిట్ వీసా మీద వెళ్లిపో, అక్కడ మారుస్తాం' అంటే ఈ రెండూ తప్పించడానికే. పనిలో చేయి పోయినా బీమా రాదు, కాంట్రాక్టు చూపించి అడగడానికి కాంట్రాక్టే ఉండదు. గల్ఫ్ మెడికల్‌కి వాఫిద్ సైట్‌లో మీరే స్లిప్పు తీసుకోండి. ఏజెంటు చేత తీయిస్తే ఎంత కట్టారో కూడా మీకు తెలీదు.

డాల్ఫిన్స్‌నోస్ | మంగళవారం, ఉదయం 8:00

వెల్డర్ గారు రాసినదానికి ఒకటి కలుపుతున్నాను. చదువుకున్న పిల్లలు ఇది తప్పక చదవాలి.

వలస అనుమతి అడిగే దేశాల జాబితాలో కంబోడియా, లావోస్, మయన్మార్ లేవు. పైగా డిగ్రీ ఉన్నవాళ్లకి ఈసీఆర్ ఉండదు. అంటే విమానాశ్రయంలో కాంట్రాక్టు ఎవరూ అడగరు. ఏజెంట్లు ఈ ఖాళీనే వాడుకున్నారు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మనవాళ్ల చేతే మనవాళ్లకు ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ కేంద్రాల నుంచి బయటపడ్డ 549 మందిని వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో తీసుకొచ్చారు.

పోస్టు పేర్లు ఇలా ఉంటాయి: డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్, డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్. అడిగేది టైపింగ్ వేగం, కాస్త ఇంగ్లీషు. ఇక్కడ 15 వేలొచ్చే పనికి అక్కడ 70 వేలు ఎందుకిస్తారో ఏజెంటుని అడిగితే సమాధానం ఉండదు. టికెట్ మేమే తీస్తాం, బ్యాంకాక్‌లో మా మనిషి కలుస్తాడు, అక్కడినుంచి కారులో తీసుకెళ్తాం అన్నారంటే గమ్యం సరిహద్దు అవతలే. ఆఫీసు ఏ నగరంలో ఉందో, ఆ దేశంలో కంపెనీ రిజిస్ట్రేషన్ ఏమిటో అడిగి, అక్కడి భారత రాయబార కార్యాలయానికి మెయిల్ పెట్టండి. కంపెనీ నిజమేనా అని అడిగితే వాళ్లు చెప్తారు. జవాబు వచ్చేదాకా పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.

అక్కయ్యపాలెం_అక్క | మంగళవారం, ఉదయం 10:35

ఇంట్లో ఉండే ఆడపిల్లలు, గృహిణులు ఎక్కువగా పడేది టెలిగ్రామ్ టాస్కుల్లో. వీడియోకి లైక్ కొడితే 50, హోటల్‌కి రివ్యూ రాస్తే 50. మొదటిరోజు 150, 200 నిజంగానే ఖాతాలో పడతాయి. మూడో రోజుకి 'ప్రీపెయిడ్ టాస్క్' అంటారు: 1,000 వేస్తే 1,300 వస్తుంది. వస్తుంది కూడా. తర్వాత 5,000, 20,000. అప్పుడు వాళ్ల సైట్‌లో బ్యాలెన్స్ లక్షల్లో కనిపిస్తుంది, తీయబోతే 'టాస్క్ తప్పు చేశారు', 'క్రెడిట్ స్కోరు తగ్గింది', 'పన్ను 30 శాతం ముందు కట్టాలి'. ఆ బ్యాలెన్స్ వాళ్లు స్క్రీన్ మీద టైపు చేసిన అంకె, డబ్బు కాదు. గ్రూపులో 'నాకొచ్చింది, నాకొచ్చింది' అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లంతా వాళ్ల మనుషులే.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది తల్లీ. మీకు మొదటిరోజు పడ్డ 150 రూపాయలు ఇంకో బాధితుడి డబ్బు. అతను ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు నడిచిన దారిలో ఉన్న ఖాతాలన్నీ ఆపుతారు, మీదీ అందులో ఉంటుంది. కాబట్టి పోగొట్టుకోకపోయినా నష్టమే.

దీనికన్నా ఘోరం 'అకౌంట్ అద్దెకివ్వండి, పేమెంట్ ప్రాసెసింగ్ ఉద్యోగం, లక్షకి 2,000 కమీషన్' అనేది. ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించారంటే పోలీసుల లెక్కలో మీరు బాధితులు కారు, నిందితులు.

రుషికొండ_టెస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఐటీలో బ్యాక్‌డోర్ గురించి క్లుప్తంగా. 2, 3 లక్షలు తీసుకుని మూడేళ్ల నకిలీ అనుభవం పెట్టి చేర్పిస్తామంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) సర్వీస్ హిస్టరీ చూస్తారు, ఏ కంపెనీ ఏ నెల పీఎఫ్ కట్టిందో అందులో ఉంటుంది. లేని మూడేళ్లు అందులో పుట్టవు. చేరిన ఆరు నెలలకైనా పట్టుకుని తీసేస్తారు, ఆ మచ్చ తర్వాత కంపెనీకీ వెంట వస్తుంది. 'జాబ్ వచ్చాకే ఫీజు' అనే ట్రైనింగ్ సంస్థలు సంతకం పెట్టించే కాగితం పూర్తిగా చదవండి. కొన్నిచోట్ల అది మీ పేరు మీద లోను, ఆటో డెబిట్‌కి అనుమతి. ఉద్యోగం రాకపోయినా వాయిదా కోస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలిపెట్టకండి.

2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది కదా, ఇలాంటి పెద్ద పేర్లతో 'ముందస్తు రిజిస్ట్రేషన్' లింకులు వస్తే ఆ కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో పోస్టు ఉందో లేదో చూడండి. అక్కడ లేని పోస్టు ఎక్కడా లేదు.

పెందుర్తి_బీఎస్సీ | మంగళవారం, సాయంత్రం 5:50

అందరికీ చాలా థాంక్సండి. మాస్టర్ డేటాలో ఆ నంబరు కొడితే హైదరాబాద్‌లోని వేరే ఐటీ కంపెనీ వచ్చింది. ఫార్మా కంపెనీ అసలు నంబరుకి ఫోన్ చేస్తే అలాంటి పోస్టే లేదన్నారు. 2,850 పంపలేదు. కానీ 'వెరిఫికేషన్' అని ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, సెల్ఫీ ముందే తీసుకున్నారు. ఇప్పుడేం చేయాలి?

మురళీనగర్_వకీలు | మంగళవారం, సాయంత్రం 6:30

డబ్బు పోనందుకు సంతోషం. ఇక కాగితాల సంగతి. ఈ పనులు ఈ రాత్రికే చేయండి.

ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. వేలిముద్రతో డబ్బు తీసే దారి మూసుకుంటుంది. టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి, మీది కానిదానికి 'నాట్ మై నంబర్' అని పెట్టండి. మీకు ఫోన్ చేసిన నంబరుని అదే పోర్టల్‌లో చక్షు విభాగంలో నమోదు చేయండి. సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలు నాలుగున్నాయి, ఒక్కోదాని దగ్గర ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితం. ఇప్పుడొకటి, మూడు నెలలాగి ఇంకొకటి తీయండి. మీ పాన్‌తో లోను అడిగితే 'ఎంక్వయిరీ' కింద కనిపిస్తుంది. యాప్ ఏదైనా ఇన్‌స్టాల్ చేయించారా? చేయిస్తే ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీసేసి, బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి.

ఇకమీదట ఎవరికిచ్చినా మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ మీద అడ్డంగా 'ఫలానా కంపెనీ ఉద్యోగ దరఖాస్తు కోసం మాత్రమే' అని తేదీ వేసి రాయండి, అక్షరాలు ఫొటో మీదుగా, నంబరు మీదుగా పోవాలి.

డబ్బు పోకపోయినా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. రేపు మీ పాన్‌తో ఎవరైనా ఖాతా తెరిస్తే, ఆ తేదీకి ముందే నేను చెప్పాను అనడానికి మీ చేతిలో నంబరుంటుంది.

కూర్మన్నపాలెం_ఐటీఐ | మంగళవారం, సాయంత్రం 7:00

మరి డబ్బు కట్టేసినవాళ్లు?

మురళీనగర్_వకీలు | మంగళవారం, రాత్రి 7:45

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. పోలీస్ స్టేషన్‌కి బయల్దేరే ముందే. డబ్బు ఒక ఖాతాలో పడి, నిమిషాల్లో ఐదారు ఖాతాలకి చీలి, ఏటీఎంలోనో క్రిప్టోలోనో బయటికి పోతుంది. ఇంకా ఖాతాల్లో ఉన్నప్పుడే ఆపగలరు. ఫోన్ చేసేముందు చేతిలో ఉండాల్సినవి: మీ బ్యాంకు, ఖాతా నంబరు, పంపిన మొత్తం, సమయం, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, అవతలి యూపీఐ ఐడీ. నాలుగుసార్లు పంపితే నాలుగు నంబర్లూ విడివిడిగా చెప్పాలి. ఒక్కటి చెప్పి మిగతావి మర్చిపోతే ఆ డబ్బు వెంట ఎవరూ పడరు. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరుతో పోర్టల్‌లో వివరాలు అదే రోజు పూర్తిచేయండి. మీ బ్యాంకుకీ రాతపూర్వకంగా చెప్పండి.

చాట్ తుడిచేయకండి. చాలామంది సిగ్గుతోనో కోపంతోనో బ్లాక్ చేసి డిలీట్ చేస్తారు, సాక్ష్యం పోతుంది. వాట్సాప్‌లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' చేసి మీకే మెయిల్ పెట్టుకోండి. టెలిగ్రామ్‌లో పేరు మార్చేస్తారు, యూజర్‌నేమ్, గ్రూపు లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. మెయిల్‌ని ఫార్వర్డ్ చేస్తే హెడర్ (ఎక్కడినుంచి వచ్చిందో చూపే వివరాలు) పోతుంది, డౌన్‌లోడ్ చేసి దాచండి.

ఎక్కడ జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 అదే చెప్తుంది. కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ స్టేషన్ వేరే ఉంది. ఆగిన డబ్బు తిరిగి రావడానికి ఎఫ్ఐఆర్ కాపీతో కోర్టులో అదే సంహిత 503 కింద దరఖాస్తు వేయొచ్చు. వకీలు కాగితం చిన్నదే, వాయిదా పడుతున్నా వదలకండి.

ఆ తర్వాత 'మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం' అని ఫోన్లు వస్తాయి, పోలీసు ఫొటోతో వాట్సాప్ డీపీ ఉంటుంది. ఎంత పోయిందో కూడా సరిగ్గా చెప్తారు, ఎందుకంటే తీసుకున్నవాళ్లే వాళ్లు. రికవరీకి ఏ ప్రభుత్వ ఆఫీసూ ఫీజు తీసుకోదు.

కూర్మన్నపాలెం_ఐటీఐ | మంగళవారం, రాత్రి 8:20

ఆఖరుగా ఒకటి. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ రిజిస్ట్రేషన్‌కి 500 అడుగుతోంది. గురువారం హోటల్లో వాక్ ఇన్ ఇంటర్వ్యూ ఉందట, అచ్యుతాపురం కంపెనీకి. వెళ్లొచ్చా?

ఎండాడ_హెచ్ఆర్ | మంగళవారం, రాత్రి 8:50

హోటల్లో వాక్ ఇన్ అన్నంత మాత్రాన అనుమానం అక్కర్లేదు, పెద్ద కంపెనీలు కూడా అలా పెడతాయి. కంపెనీ పేరు అడుగు తమ్ముడూ. '500 కట్టాకే పేరు చెప్తాం' అంటే వెనక్కి వచ్చెయ్. పేరు చెప్తే కంపెనీ హెచ్ఆర్‌కి ఫోన్ చేసి గురువారం వాక్ ఇన్ ఉందా, ఆ కన్సల్టెన్సీకి అప్పగించారా అని రెండే ప్రశ్నలు అడుగు. మనుషులు కావాల్సింది కంపెనీకి, అందుకే కన్సల్టెన్సీకి డబ్బిచ్చేది కూడా కంపెనీయే. నీ దగ్గర 500 తీసుకునేవాడికి నీకు ఉద్యోగం రావాల్సిన అవసరం లేదు, రెండొందల మంది వస్తే ఆ రోజుకి లక్ష. నిజంగా ఉంటే కన్సల్టెన్సీ లేకుండా నేరుగా వెళ్లి నిలబడు. కంచరపాలెం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో, నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, రెండూ ఉచితం. స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ జాబ్ మేళాలకీ ప్రవేశ రుసుము లేదు.

పెందుర్తి_బీఎస్సీ | మంగళవారం, రాత్రి 10:05

బయోమెట్రిక్ లాక్ చేశాను, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను, నంబరు వచ్చింది. సంచార్ సాథీలో నా పేరు మీద మూడు సిమ్‌లు చూపిస్తోంది, నాకున్నవి రెండే. మూడోదానికి 'నాట్ మై నంబర్' నొక్కాను.

మురళీనగర్_వకీలు | మంగళవారం, రాత్రి 10:20

ఆ మూడో సిమ్ సంగతి సైబర్ క్రైమ్ ఫిర్యాదులో కూడా చేర్చండి. పోర్టల్‌లో పెట్టిన రిక్వెస్టు నంబరు రాసి, స్క్రీన్‌షాట్ జతచేయండి. వారం తర్వాత మళ్లీ తెరిచి ఆ నంబరు జాబితాలోంచి పోయిందో లేదో చూసి ఇక్కడ చెప్పండి.